కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు

పాఠం చదివే ముందు

ఇది ఒక వస్తాదు జీవితకథ. వస్తాదు అంటే కుస్తీలోనూ సాములోనూ ఆరితేరి, ఆ విద్యను ఇతరులకు నేర్పగలవాడు. ఈ పాఠంలోని వస్తాదు పేరు మీలో చాలామంది ఇంట్లోనే విని ఉంటారు. భిలాయి ఉక్కు కర్మాగారానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు మొదలైంది. ఆ కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి ఎన్నో కుటుంబాలు పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. ఆ ఇళ్ళల్లో కాస్త కండపట్టిన పిల్లవాణ్ణి చూస్తే కోడి రామ్మూర్తితో పోల్చడం పెద్దవాళ్ళకు అలవాటు. కోడి అన్నది ఆయన ఇంటిపేరు. అసలు పేరు రామమూర్తి నాయుడు. జనం నోట రామ్మూర్తి అయ్యాడు.

ఆయన గురించి చెప్పే కథలు చాలా ఉన్నాయి. కొన్ని జరిగినవి, కొన్ని జనం అభిమానంతో పెంచినవి. ఈ పాఠం చదువుతున్నప్పుడు ఆ రెండింటినీ వేరుచేస్తూ చదవండి. కథలకన్నా ఆయన చేసిన సాధన గొప్పదని మీకే తెలుస్తుంది.

వీరఘట్టం కుర్రాడు

రామమూర్తి 1880వ దశకంలో వీరఘట్టంలో పుట్టాడు. వీరఘట్టం చాలాకాలం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాలు మారినప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. తండ్రి పేరు వెంకన్న నాయుడు. తల్లి చిన్నతనంలోనే పోయింది. తల్లిలేని పిల్లవాడని తండ్రి గారాబంగా పెంచాడు. పిల్లవాడికి చదువు మీద కన్నా ఆటల మీద, కొట్లాటల మీద ధ్యాస ఎక్కువగా ఉండేది. ఊరి చెరువు గట్టుకు వెళ్ళి తెల్లవారుజామునే కసరత్తు చేసేవాడనీ, అక్కడ ఒక సాధువు యోగం, ప్రాణాయామం నేర్పాడనీ వీరఘట్టం వారు చెబుతారు. ప్రాణాయామం అంటే ఊపిరిని అదుపులో పెట్టుకునే అభ్యాసం. ఈ మాటను గుర్తుంచుకోండి. ఆయన బలానికి తాళంచెవి ఇక్కడే ఉంది.

ఇలా వదిలేస్తే కుర్రాడు చెడిపోతాడని తండ్రి అతణ్ణి విజయనగరంలో ఉన్న పినతండ్రి ఇంటికి పంపాడు. ఆ పినతండ్రి పోలీసు ఉద్యోగి. చదువు దారిలో పెడదామని పంపితే కుర్రాడు అక్కడా తాలింఖానా దారే పట్టాడు. తాలింఖానా అంటే కసరత్తు, కుస్తీ నేర్చుకునే చోటు. మీరు ఉండే హిందీ ప్రాంతంలో దీన్నే అఖాడా అంటారు. విజయనగరం పూసపాటి రాజుల పట్టణం. సంగీతానికీ సాహిత్యానికీ ఎంత ఆదరణ ఉండేదో, సాముగరిడీలకూ అంతే ఉండేది. బలం మీద ఆశ ఉన్న పిల్లవాడికి అంతకన్నా మంచి ఊరు దొరకదు.

అతనికి ఆ తాలింఖానాలో దొరికిన సాధనాలు ఏవి? దండీలు, బస్కీలు, కర్ర గదలు, తవ్వి మెత్తచేసిన మట్టి గోదా. యంత్రాలు లేవు, ఇనుప బరువులూ పెద్దగా లేవు. దండీ అంటే రెండు చేతులూ నేలకు ఆనించి ఒంటిని కిందికీ పైకీ ఆడించడం. బస్కీ అంటే గుంజీలు తీసినట్టు కూర్చుని లేవడం. ఈ రెండింటికీ కావలసింది ఆరడుగుల నేల, ఓపిక. పేదవాడి కసరత్తు ఇది.

మేష్టారు ఉద్యోగం

తర్వాత రామమూర్తి మద్రాసు వెళ్ళి సైదాపేటలో ఒక సంవత్సరం వ్యాయామ శిక్షణ పొందాడు. ధ్రువపత్రం తీసుకుని విజయనగరం తిరిగివచ్చి, తాను చదివిన హైస్కూల్లోనే వ్యాయామోపాధ్యాయుడిగా చేరాడు. ఈనాటి మాటలో డ్రిల్లు మేష్టారు.

చాలామంది జీవితకథలు చెప్పేటప్పుడు ఈ ఘట్టాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం ఇది ముఖ్యమనిపిస్తుంది. పుస్తకాల చదువు అబ్బని కుర్రాడు, తనకు చేతనైన విద్యలోనే శిక్షణ పొంది, ధ్రువపత్రం సంపాదించి, వెనక్కి వచ్చి అదే బడిలో గురువయ్యాడు. తర్వాతి కాలంలో ఆయనను దేశమంతా ప్రొఫెసర్ రామమూర్తి అన్నారు. ఆ రోజుల్లో బలప్రదర్శనలు చేసేవాళ్ళు తమ పేరుకు ప్రొఫెసర్ అని తగిలించుకోవడం వాడుక. ఈయన విషయంలో ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. నిజంగానే పాఠం చెప్పిన మనిషి.

సర్కసు డేరా కింద

మన దేశంలో మొదటి సర్కసు 1880లో విష్ణుపంత్ ఛత్రే నడిపినది. ఆ తర్వాత కేరళలోని తలశ్శేరిలో కీలేరి కుంఞికణ్ణన్ సర్కసు విద్య నేర్పే బడి పెట్టాడు. అంటే రామమూర్తి యువకుడయ్యేనాటికి సర్కసు అనే కొత్త వ్యాపారం మన దేశంలో బాగా పుంజుకుంటోంది. డ్రిల్లు మేష్టారి జీతం ఎంతో ఉండదు. ఒంట్లో అసాధారణమైన బలం ఉంది. విజయనగరంలో పొట్టి పంతులు అనే స్నేహితుడు తోడు నిలిచాడు. ఇద్దరూ కలిసి సర్కసు కంపెనీ పెట్టారు. కంపెనీ ఊరూరా తిరిగింది. తెలుగు జిల్లాలు, మద్రాసు, తర్వాత ఉత్తర దేశం.

డేరాలో ఆయన చేసిన ప్రదర్శనలు ముఖ్యంగా మూడు. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని తెంచడం. రెండు మోటారు కార్లను కదలకుండా ఆపడం. ఛాతీ మీద పలక వేయించుకుని దాని మీదుగా ఏనుగును నడిపించుకోవడం. జనం నిండిన ఎడ్లబండ్లను ఒంటి మీదుగా పోనిచ్చేవాడని కూడా చెబుతారు.

ఇవి మాయలా? కావు. మానవాతీతమైన పనులా? అవీ కావు. ఒక్కొక్కటి ఎలా సాధ్యమో చూద్దాం.

గొలుసు సంగతి మొదట. గొలుసు చుట్టేటప్పుడు ఊపిరి పూర్తిగా వదిలి ఛాతీని చిన్నది చేయాలి. గొలుసు బిగించాక నెమ్మదిగా గాలి పీల్చి, భుజాల కండరాలను, వీపు కండరాలను ఒకేసారి విప్పాలి. అప్పుడు పుట్టే బలం గొలుసు అంతటా పడినా, తెగేది బలహీనమైన లంకె దగ్గరే. మీలో క్రేను మీద పనిచేసేవాళ్ళకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. గొలుసు బలం అంటే దానిలోని బలహీనమైన లంకె బలమే. అయినా ఆ లంకెను ఊపిరితో విప్పడానికి ఎన్నేళ్ళ ప్రాణాయామం కావాలో ఆలోచించండి.

రెండవది కార్లు. రెండు చేతులకు రెండు తాళ్ళు. ఒక్కొక్క తాడు చివర ఒక్కొక్క కారు. కార్లు ఎదురెదురు దిక్కులకు లాగుతాయి. చూసేవాళ్ళకు రెండు కార్ల బలాన్ని ఒక మనిషి ఓడిస్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఒక కారు లాగుడును రెండవ కారే సరిచేస్తుంది. మనిషి మధ్యలో లంకెలాగా ఉంటాడు. కాబట్టి అతని మీద పడేది సుమారుగా ఒక కారు బలమే. ఇలా చెబితే తేలిక అనిపించవచ్చు. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టీ కారుకు 20 గుర్రాల శక్తి ఉండేది. ఆ లాగుడుకు వేళ్ళు, మణికట్లు, మోచేతులు, భుజాల కీళ్ళు ఊడిపోకుండా నిలవాలి. పట్టు ఒక్క క్షణం సడలితే చెయ్యి పోతుంది.

మూడవది ఏనుగు. మన దేశపు ఏనుగు రెండున్నర నుంచి నాలుగు టన్నులు తూగుతుంది. పలక ఒక చివర నేలకు ఆనుతుంది కాబట్టి బరువులో కొంత నేల మీదికి పోతుంది. పలక వెడల్పు వల్ల మిగిలిన బరువు ఒకే చోట గుచ్చుకోకుండా ఒంటి మీద పరచుకుంటుంది. ఏనుగు నిలబడిపోదు, నడిచి దాటుతుంది. అత్యంత భారం పడేది కొన్ని క్షణాలే. ఆ కొన్ని క్షణాలు ఊపిరి బిగబట్టి, పక్కటెముకల కింద గాలితో నిండిన ఊపిరితిత్తులను కొలిమితిత్తుల్లాగా బిగించి ఉంచాలి. అది తప్పితే ఎముకలు విరుగుతాయి. ఒకసారి ఓర్వలేనివారు బలహీనమైన పలక పెట్టారనీ, అది విరిగి ఆయన ఛాతీలో గుచ్చుకుందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కథను కథగానే తీసుకుందాం. అయితే పలక ఎంపికలో, ఏనుగును నడిపించే మావటిలో ఒక మనిషి ప్రాణం ఉండేదన్న మాట మాత్రం నిజం.

ఇక్కడ కాసేపు ఆగండి. మీ పనిచోట కండబలం కన్నా నేర్పు ఎక్కువ కావలసిన పని ఏది? దాన్ని ఎలా నేర్చుకున్నారో నాలుగు వాక్యాలలో మీ నోటుపుస్తకంలో రాసుకుని, తర్వాత ముందుకు చదవండి.

బానిస దేశంలో బలవంతుడు

రామమూర్తికి అంత పేరు రావడానికి ఆయన బలం ఒక్కటే కారణం కాదు. కాలం కూడా కారణం. భారతీయులు, ముఖ్యంగా బెంగాలీలు, దుర్బలులని మెకాలే వంటి ఆంగ్లేయులు పుస్తకాలలోనే రాశారు. పాలించేవాడు బలవంతుడు, పాలితుడు బలహీనుడు అనే మాటను చదువుకున్నవాళ్ళు కూడా నమ్మే స్థితి వచ్చింది. 1904-05లో యూజెన్ శాండో అనే ప్రసిద్ధ బలశాలి ఐరోపా నుంచి వచ్చి మన పట్టణాలలో ప్రదర్శనలిచ్చాడు. జనం విరగబడి చూశారు. చూసి, మనవాళ్ళలో ఇలాంటివాడు లేడా అనుకున్నారు.

1905లో బెంగాల్ విభజన జరిగింది. స్వదేశీ ఉద్యమం లేచింది. స్వదేశీ అంటే మన దేశంలో తయారైనదే వాడాలన్న పట్టుదల. బట్ట స్వదేశీ, ఉప్పు స్వదేశీ. మరి బలం? బెంగాల్‌లో యువకులు వ్యాయామ సమితులు పెట్టుకుని కర్రసాము నేర్చుకుంటున్న రోజులవి. అలాంటి వేళ ఒక తెలుగు మేష్టారు డేరా వేసి, దండీలు, బస్కీలు, ప్రాణాయామం అనే మన పద్ధతులతోనే ఈ బలం వచ్చిందని చెబుతూ ఇనుప గొలుసు తెంచాడు. చూసినవాళ్ళకు అది గొలుసు మాత్రమే అనిపించలేదు.

కలకత్తాలో ఆయన సర్కసు చూసినవారిలో భవేంద్రమోహన్ సాహా అనే యువకుడు ఒకడు. ఇల్లు వదిలి రామమూర్తి వెంట వెళ్ళిపోయాడు. శిష్యుడై రంగూను, సింగపూరు, జావా తిరిగాడు. తర్వాత భీమ భవానీ అన్న పేరుతో బెంగాల్‌లో గొప్ప బలశాలిగా ప్రసిద్ధుడయ్యాడు. 1922లో చిన్నవయసులోనే చనిపోయాడు. ఒక గురువు ఎంత దూరం చేరాడో చెప్పడానికి ఏనుగు కథలకన్నా ఈ శిష్యుడి కథ మంచి సాక్ష్యం అని నా అభిప్రాయం. తెలుగు గడ్డ మీద పుట్టిన విద్య బెంగాలీ కుర్రాడి ఒంట్లోకి చేరింది.

ఇదే కాలంలో పంజాబు వైపు నుంచి గామా పహిల్వాన్ లండన్ వెళ్ళి 1910లో అక్కడి పేరుమోసిన కుస్తీవీరులను సవాలు చేశాడు. గామాది పూర్తిగా కుస్తీ. అంటే ఎదుటి మనిషిని పడగొట్టే విద్య. రామమూర్తి కుస్తీ తెలిసినవాడే అయినా ప్రజలకు తెలిసింది బలప్రదర్శకుడిగా. ఒకరు మనుషులతో తలపడ్డారు, ఒకరు ఇనుముతోనూ ఏనుగులతోనూ తలపడ్డారు. ఇద్దరినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

బిరుదులు, కథలు

విదేశాలలోనూ రామమూర్తి ప్రదర్శనలిచ్చాడు. లండన్‌లో అయిదవ జార్జి చక్రవర్తి ఎదుట ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులస్ అనిపించుకున్నాడని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. హెర్క్యులస్ గ్రీకు పురాణాలలోని మహాబలశాలి. మనకు భీముడు ఎలాగో వాళ్ళకు అతను అలాగ. మనవాళ్ళు కలియుగ భీముడన్నారు. తిలక్ మెచ్చుకున్నాడనీ, మాలవీయ కాంగ్రెసు సభలకు పిలిపించాడనీ, విశాఖపట్నంలో వైస్రాయి మింటో కారును కదలనివ్వలేదనీ, స్పెయిన్‌లో పోట్లగిత్త కొమ్ములు పట్టి లొంగదీశాడనీ ఇంకా ఎన్నో చెప్పుకొంటారు. ఒక్కొక్క ఊళ్ళో ఒక్కొక్క విధంగా చెబుతారు. చెప్పేవాడు ఉత్సాహవంతుడైతే రెండు కార్లు నాలుగవుతాయి.

కథలు మనిషిని ఎలా కప్పేస్తాయో తెలియడానికి దూరదేశపు ఉదాహరణ ఒకటి చూడండి. అమెరికా ఖండంలో మెక్సికో అనే దేశం ఉంది. అక్కడి వస్తాదులు ముఖానికి ముసుగు వేసుకుని గోదాలోకి దిగుతారు. వారిలో ఎల్ శాంటో చాలా ప్రసిద్ధుడు. అసలు పేరు రొడాల్ఫో గుజ్మాన్. 1942లో వెండిరంగు ముసుగు తొడిగి శాంటోగా గోదాలోకి దిగాడు. సినిమాలలో నటించాడు, బొమ్మల కథలలో వీరుడయ్యాడు. నలభై ఏళ్ళకు పైగా ప్రజలకు ముఖం చూపలేదు. 1984లో చనిపోయే ముందు కొద్ది రోజులకు టెలివిజన్‌లో ముసుగు కాస్త పైకెత్తాడు. చివరకు ఆ ముసుగుతోనే ఖననం చేశారు. రామమూర్తి ఏనాడూ ముసుగు వేసుకోలేదు. ఆయనకు ముసుగు వేసినవి మనం చెప్పుకునే కథలు. ఆ ముసుగు కింద తెల్లవారక ముందే లేచి దండీలు తీసే మేష్టారు ఉన్నాడు. మాంసం ముట్టని మనిషి. ఆంజనేయుడి భక్తుడు. సంపాదించినది సంపాదించినట్టు దానాలకూ, దేశం పనికీ ఇచ్చేసినవాడని అందరూ చెప్పేవాడు.

బలం పోయాక

ఒంటిని పెట్టుబడిగా పెట్టి బతికేవాడికి ఒళ్ళు చెడితే వ్యాపారం మూతపడినట్టే. రామమూర్తికి కాలి మీద రాచకురుపు లేచింది. మందులతో మానలేదు. చివరకు వైద్యులు ఆ కాలు తీసివేయవలసి వచ్చింది. శస్త్రచికిత్స సమయంలో మత్తుమందు వద్దని, ప్రాణాయామంతో నొప్పి ఓర్చుకున్నాడని చెబుతారు. ఈ కథ ఎందుకు ఇంత ప్రచారమైందో ఆలోచిస్తే మనసు బరువెక్కుతుంది. ఏనుగును మోసిన మనిషి కాలు పోయి మంచాన ఉండటాన్ని జనం భరించలేకపోయారు. ఆ మంచం మీద కూడా ఆయన గెలిచాడని చెప్పుకోవాలనిపించింది.

కాలు పోయిన వస్తాదుకు డేరాలో చోటులేదు. కంపెనీ పోయింది. చేతిలో డబ్బు మిగుల్చుకున్న మనిషి కాదు. సర్కసు మనిషికి ఆనాడు పింఛను లేదు, ప్రావిడెంటు ఫండు లేదు, బీమా లేదు. కార్మికుల రాజ్యబీమా చట్టం 1948లోనూ, ప్రావిడెంటు ఫండు చట్టం 1952లోనూ, గ్రాట్యుటీ చట్టం 1972లోనూ వచ్చాయి. అవన్నీ స్వాతంత్ర్యం వచ్చాక, కార్మికుల పోరాటాల తర్వాత వచ్చినవి. పర్మనెంటు ఉద్యోగికి ఇవి ఎంత అండో మీకు తెలుసు. ఠేకేదారు కింద పనిచేసేవాడికి ఇవి చేతికి అందడం ఎంత కష్టమో కూడా మీకు తెలుసు. రామమూర్తికి అవేవీ లేవు. ఉన్నది రాజుల దయ ఒక్కటే.

ఆ దయ పశ్చిమ ఒడిశా సంస్థానం వైపు నుంచి వచ్చింది. సంస్థానం అంటే బ్రిటిషువారి కాలంలో రాజుల చేతిలో ఉన్న చిన్న రాజ్యం. ఆయన చివరి రోజులు ఆ ప్రాంతంలోని బలంగీర్‌లో గడిచాయి. ఆనాటి పట్నా సంస్థానానికి బలంగీర్ రాజధాని. ఈ పట్నా బీహారులోని పాట్నా కాదు, పొరబడవద్దు. పుట్టిన వీరఘట్టానికీ, పెరిగిన విజయనగరానికీ దూరంగా, 1942 జనవరిలో సంక్రాంతి రోజులలో ఆయన అక్కడ కన్నుమూశాడు.

శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తి పేరుతో స్టేడియం ఉంది. విశాఖపట్నం బీచి రోడ్డులో విగ్రహం ఉంది. బలంగీర్ మాత్రం మన వాళ్ళలో ఎక్కువమందికి గుర్తులేదు. సంక్రాంతికి భిలాయి నుంచి ఊరికి వెళ్ళే రైలు రాయపూర్, మహాసముంద్, ఖరియార్ రోడ్, కాంటాబంజి దాటి టిట్లాగఢ్ చేరుతుంది. అక్కడి నుంచి ఒక లైను రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం వెళుతుంది. సంబల్‌పూర్ వైపు పోయే రెండవ లైను మీద బలంగీర్ ఉంది.